ఒకే జిల్లా, ఒకే ఫోన్

వరంగల్ మిర్చి రైతు కష్టాలకు తామర పురుగు కారణమని ఇన్నాళ్లూ పొరబడ్డాం. అసలు పురుగు రైతుల జేబుల్లో ఉంది. నమ్మకపోతే ఎనుమాముల మార్కెట్ యార్డు గేటు దగ్గర ఒక పూట నిలబడి లోపలికి పోయే ఫోన్లను చూడండి. ఒకరిది ఆండ్రాయిడ్ 8, పక్కనున్నాయనది 14. ఒకరిది పగిలిన అద్దం, 2 జీబీ ర్యామ్. ఇంకో పెద్దాయన కండ్లు ఆనక ఫాంటు సైజును చివరికంటా లాగి పెట్టుకున్నడు. ఇంత క్రమశిక్షణ లేని ప్రజలకు మార్కెట్ ధరలు చెప్పే, రైతు వివరాలు నింపే యాప్ రాయడమెట్లా? రాసిన పిల్లగాని ల్యాప్‌టాప్‌లో, 16 జీబీ ర్యామ్ మీద నడిచే, ఫోన్ వేషం వేసిన ఎమ్యులేటర్‌లో, అన్నీ ముత్యాల్లా ఉన్నాయి. అక్కడ బాగున్నది యార్డులో చెడిందంటే తప్పు యార్డుదే.

కాబట్టి మా ప్రతిపాదన: ఒకే జిల్లా, ఒకే ఫోన్. ఆ ఫోన్ దొరికేదాకా ప్రజలు యాప్‌కు తగ్గట్టు కొంత సర్దుకోవాలి.

ముందు ఊర్ల పేర్లతో మొదలుపెడదాం. తెర వెడల్పును డీపీల్లో కొలుస్తారు. అంగుళానికి 160 చుక్కలున్న తెర మీద ఒక డీపీ అంటే ఒక చుక్క, 480 ఉంటే మూడు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ వెడల్పు 1080 చుక్కలే ఉన్న రెండు ఫోన్లలో 420 సాంద్రత ఉన్నది 411 డీపీలు తూగితే, 480 ఉన్నది 360 దగ్గరే ఆగుతుంది. డిస్‌ప్లే సైజు పెంచుకుంటే 320కీ దిగుతుంది. 411లో గీసిన, జిల్లా ఎంచుకునే డ్రాప్‌డౌన్‌లో ‘జయశంకర్ భూపాలపల్లి’ కాళ్లు చాపుకుని పడుకుంటుంది. 320లో ‘జయశంకర్ భూపా...’ దగ్గరే ఊపిరి అందక ఆగిపోతుంది. ములుగుకు ఈ బాధ లేదు, మూడే అక్షరాలు. 2019లో దాన్ని వేరే జిల్లా చేసింది డెవలపర్ల సౌకర్యం కోసమేనని మా గట్టి అనుమానం.

ఇక వత్తులు. తెలుగువాళ్లు అక్షరం కింద అక్షరం వేలాడదీస్తారు. ఇంగ్లీషు అక్షరాలను చూసి పెట్టె ఎత్తు ఖాయం చేసిన డెవలపర్‌కు ఈ నేలమాళిగ సంగతి తెలియదు. పైగా డిజైన్ బొమ్మలో ఉన్నట్టే గీత గీతకు అతకాలని అక్షరం పైనా కిందా జాగా వదిలే ‘ఇంక్లూడ్ ఫాంట్ ప్యాడింగ్’ను ఫాల్స్ చేసి, అంటే ఆపేసి, పెడతాడు. ఇంగ్లీషుకు ఏమీ కాదు. తెలుగుకు మాత్రం కింద కత్తి పడుతుంది. ఫాంటు పెంచుకున్న పెద్దాయన ఫోన్‌లో అయితే ఇంకా లోతుగా పడుతుంది: అక్షరం ఎస్పీల్లో, అంటే ఫాంటు సైజుతో మారే కొలతలో, పెరుగుతుంది, డీపీల్లో మేకు కొట్టిన పెట్టె పెరగదు. ఫలితంగా ‘క్వింటాల్’ కాస్తా ‘కింటాల్’ అవుతుంది. దీనికి ఎవరూ ఫిర్యాదు చేయలేదు, యార్డుల అందరూ అనేది గదే. ‘మిర్చి’ పోయి ‘మిరి’ మిగిలినా తూకం వేసే దడువాయిలు అర్థం చేసుకున్నారు. ‘పత్తి కొనుగోలు కేంద్రం’ మాత్రం ‘పతి కొనుగోలు కేంద్రం’ అయి కూర్చుంది. “అన్నా, కింటాల్‌కు ఏం రేటు పెడుతుండ్రు?” అని ఆడోళ్లు అడిగితే చెప్పేటందుకు ఎవరున్నారు?

పెట్టెకు ఎత్తు ఖాయం చేయకుండా కనీస ఎత్తు 48 డీపీలని మాత్రం చెప్పి, మిగతాది అక్షరాలకే వదిలేసి, ప్యాడింగ్‌ను ముట్టుకోకుండా ఉంటే సరిపోతుందని కొందరు గిట్టనివాళ్లు అంటున్నారు. పది నిమిషాల పని అట. పది నిమిషాల్లో అయ్యే పనికి ఒక భాషను మార్చే అవకాశం వదులుకుంటామా? వత్తులు రద్దు చేస్తే ఇంకో లాభం కూడా ఉంది. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, ఫోన్ అక్షరాలను గుర్తుపట్టే యూనికోడ్‌కు ఆరు సంకేతాలు. పేరుకు 20 దాటొద్దని గడి పెట్టినోడు లెక్కపెట్టేది ఆ ఆరునే.

ఫోటోల సంగతి. రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, బస్తాలు 40, అన్నీ ఒక్క వేలితో కొట్టి, పట్టాదారు పాసుపుస్తకం ఫోటో తీయడానికి కెమెరా నొక్కుతాడు. 2 జీబీ ఫోన్‌లో కెమెరా లేవాలంటే ఎవరో ఒకరు పడుకోవాలి. ఆండ్రాయిడ్ వెనకనున్న యాప్ ప్రాణం తీసి కెమెరాకు చోటిస్తుంది. ఫోటో తీసి వెనక్కి వస్తే ఫారం తెల్లగా, ఏడో తరగతి పరీక్ష పేపరులా ఉంటుంది. మళ్లీ నింపుతాడు, మళ్లీ కెమెరా, మళ్లీ తెలుపు. గడి నిండినప్పుడల్లా ఫోన్‌లోనే డ్రాఫ్టుగా దాచుకుంటే ఈ గోస ఉండదు. డెవలపర్‌కు ఇది ముందే కనబడాలంటే సెట్టింగ్స్‌లో వెనక్కి పోయిన తెరను వెంటనే చంపే ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ ఆన్ చేసి చూడాలి. అది ఉండే డెవలపర్ ఆప్షన్స్ మెనూ తెరుచుకోవాలంటే బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కాలి. ఏడడుగులు వేస్తే మొగుడు, ఏడుసార్లు నొక్కితే డెవలపర్. తర్వాతి బాధ్యతలు రెండు చోట్లా ఎవరూ చదివి వినిపించరు.

జెండా పాట, అంటే యార్డులో ఆ రోజు ధర తేల్చే వేలం, పొద్దున జరిగి ధర తేలుతుంది. మిర్చి రకాల్లో తేజకు ఇంత, వండర్ హాట్‌కు ఇంత, చపాటాకు ఇంత అని నోటిఫికేషన్ మాత్రం బండి ఖాళీ అయి, రైతు చాయ తాగి, బస్సెక్కినంక టింగుమంటుంది. 2015లో ఆండ్రాయిడ్ 6 డోజ్ అనే నిద్ర తెచ్చింది, మంచం మీద కదలకుండా పడి ఉన్న ఫోన్ యాప్‌లనూ నిద్రపుచ్చుతుంది. 2017లో 8 వచ్చి వెనక నడిచే పనులకు కళ్లెం వేసింది. 2022లో 13 వచ్చి, అసలు టింగుమనడానికే అనుమతి అడగమంది. సర్వర్ నుంచి హై ప్రయారిటీ పుష్, అంటే అర్జెంటని ముద్ర వేసిన కబురు, పంపితే డోజ్‌ను దాటుతుంది. కానీ బ్యాటరీ మీద అతి ప్రేమ ఉన్న కొన్ని ఫోన్లు, వేలితో పక్కకు తోసిన యాప్‌ను సమూలంగా చంపేస్తాయి, అప్పుడు పుష్ కూడా చేరదు. ఆటోస్టార్ట్ ఆన్ చేయాలి, బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టాలి. ఆ రెండు మీటలు ఒక్కో కంపెనీ ఒక్కో అరలో దాచిపెట్టింది. ఇంతకంటే జెండా పాటను సాయంత్రానికి జరపడం తేలిక.

మేడారం జాతర గురించి ఎక్కువ చెప్పం. లక్షల మంది ఒక్క చోట చేరినప్పుడు టవర్ ఊపిరాడక ఉంటే, మన యాప్ సెకనుకోసారి సర్వర్‌ను పిలుస్తూనే ఉంటుంది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది సెకన్లని ఎడం పెంచుకుంటూ పిలవొచ్చు. కానీ మొక్కు మొక్కే.

ఒకే ఫోన్ ప్రతిపాదన మీద అభ్యంతరాలుంటే జిల్లా ప్రజలు యాప్‌లోనే రాసి పంపాలి. సబ్మిట్ బటన్ ఉంది, కీబోర్డు కింద.