సెప్టిక్ తెలుసు, సెప్సిస్ తెలియదు

మా మేనమామ మరణ కారణం కాగితం మీద ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని రాసి ఉంది. గుండె, ఊపిరి ఆగిపోయాయని దానర్థం. పోయినవాళ్లు ఎవరికైనా ఆగేవి ఆ రెండే. దినాలు అయిన మర్నాడు అత్తమ్మ ఆ కాగితం నా చేతిలో పెట్టి, "మీ మామకు గుండె మంచిగనే ఉండె గదా బిడ్డా, నిరుడే ఈసీజీ గూడ తీసిండ్రు" అంది. జవాబు నాకు తెలుసు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి మాటే దొరకలేదు.

పరకాల అవతల ఊరు మాది. పత్తి ఏరే రోజులు. సోమవారం మామ అరికాల్లో తుమ్మ ముల్లు దిగింది. పదేళ్లుగా షుగర్ ఉన్న మనిషి కాబట్టి నొప్పి పెద్దగా తెలియలేదు. పసుపు పెట్టి గుడ్డ కట్టుకుని మర్నాడు కూడా చేనికి పోయాడు. బుధవారానికి పాదం వాచింది, కొంచెం చీము పట్టింది. గురువారం సాయంత్రం వణుకుతో జ్వరం వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిపించారు. ఆయన చెడ్డవాడేం కాదు, అర్ధరాత్రి పిలిచినా బండి వేసుకొని వస్తాడు. రెండు సూదులు వేసి, సెలైన్ పెట్టి, "కాలు జర సెప్టిక్ అయింది అక్కా, తెల్లారేసరికి తక్కువైతది" అన్నాడు.

తెల్లారేసరికి జ్వరం తగ్గింది కూడా. ఇంటిల్లిపాది ఊపిరి పీల్చుకున్నారు. అత్తమ్మకు మాత్రం ఏదో తేడా కొట్టింది. మామ రాత్రి నుంచి మూత్రానికి లేవలేదు. ఛాయ్ గ్లాసు ఇస్తే చేత్తో పట్టుకుని అట్లాగే చూస్తున్నాడు. "ఎడ్లకు నీళ్లు పెట్టినవా" అని అడుగుతున్నాడు. ఎడ్లు అమ్మి ఆరేళ్లయింది. ఆమె ఈ మాట ఆర్‌ఎంపీకి చెప్పింది, ఫోన్‌లో నాకూ చెప్పింది. నీరసానికి అట్లా మాట్లాడతారులే అన్నాం ఇద్దరం. మధ్యాహ్నం పరకాల, అక్కడి నుంచి ‘పెద్దాసుపత్రికి తీసుకుపొండి’ అంటే వరంగల్. ఐసీయూ మంచం మీదికి చేరేసరికి సాయంత్రం అయిదు. పైబీపీ డెబ్బై. వణుకు మొదలై అప్పటికి ఇరవై మూడు గంటలు. ఆదివారం తెల్లవారుజామున పోయాడు.

మనకు ‘సెప్టిక్’ బాగా తెలుసు. పుండు చీము పట్టినా, ఇనుప మేకు గుచ్చుకున్నా, ఆపరేషన్ కుట్లు మానకపోయినా సెప్టిక్ అయిందంటాం. మన వాడుకలో అది పుండు ఉన్న చోటే ఉండే జబ్బు. కట్టు కడితే, సూది వేస్తే మానుతుంది. డాక్టర్ ‘సెప్సిస్’ అన్నప్పుడు కూడా మన చెవికి సెప్టిక్ అనే వినిపిస్తుంది. "కాలు సెప్టిక్ అయితే మనిషి చచ్చిపోతడా?" అని మా చిన్న బావమరిది ఐసీయూ బయట నిలదీసింది అందుకే. ఇంకొందరు ‘రక్తం చెడిపోయింది’ అంటారు. అదీ దారి తప్పించే మాటే. చెడిన రక్తానికి మంచి రక్తం ఎక్కిస్తే సరిపోతుందనుకుని దాతల కోసం ఫోన్లు కొడుతూ కూర్చుంటారు.

అసలు జరిగేది వేరు. ఒంట్లోకి వచ్చిన సూక్ష్మజీవిని ఎదుర్కోవడానికి ఒళ్లు చేసే పోరాటం అదుపు తప్పి, ఆ పోరాటమే సొంత అవయవాలను దెబ్బతీయడం సెప్సిస్. 2016 నుంచి ప్రపంచమంతటా వైద్యులు వాడుతున్న నిర్వచనం సారాంశం ఇదే. మన చెరువుల లెక్కలో చెప్పుకుంటే సులువు. పాకాల చెరువు నిండుగా ఉందనుకోండి. కాలువ గట్లకు నాలుగు చోట్ల గండి పడితే తూము తెరిచినా చివరి మడికి నీళ్లు అందవు. సెప్సిస్‌లో రక్తనాళాలు వదులవుతాయి, వాటి గోడల్లోంచి నీరు కారిపోతుంది, బీపీ పడిపోతుంది. చివరి మడులు ముందు ఎండుతాయి. మూత్రపిండాలకు రక్తం అందకపోతే మూత్రం తగ్గుతుంది. మెదడుకు అందకపోతే మనిషి అమ్మిన ఎడ్లకు నీళ్లు పెట్టమంటాడు. నిమోనియా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కడుపులో పేగు పగలడం, కాన్పు తర్వాత జ్వరం, మన్యంలో మలేరియా, దేనితోనైనా ఇది మొదలుకావచ్చు. ముల్లుతో కూడా.

లాన్సెట్ పత్రికలో 2020 జనవరిలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2017లో ప్రపంచంలో దాదాపు 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చింది, 1.1 కోట్ల మంది దానితో ముడిపడి చనిపోయారు. అంటే ప్రతి అయిదు చావుల్లో ఒకటి. మన దేశం వాటా సుమారు 1.13 కోట్ల కేసులు, 29 లక్షల మరణాలు. ఇవి అంచనాలే. మన దగ్గర లెక్క తీద్దామన్నా కాగితాల్లో దొరకదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఆ కారణం రాసే నాలుగో నంబరు ఫారంలోనే, చనిపోయిన తీరు కాదు, చావుకు దారితీసిన జబ్బు రాయాలని సూచన ఉంది. అయినా చాలా చోట్ల గుండె ఆగిందని రాసి సంతకం పెట్టేస్తారు. ఆ కాగితం నకలు దగ్గరి బంధువుకు ఇవ్వాలని 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. మంచిదే. చేతికొచ్చిన కాగితంలో జబ్బు పేరు లేకపోతే నకలు ఏం చేసుకుంటాం?

ఏటా సెప్టెంబర్ 13న ప్రపంచ సెప్సిస్ దినం వస్తుంది. మెడికల్ కాలేజీల్లో ర్యాలీ తీస్తారు, పోస్టర్లు కడతారు. నా అభ్యంతరం పోస్టర్ల మీద కాదు, అవి ఉండే చోటు మీద. ఆసుపత్రి వరండాలో పోస్టర్ చదివే మనిషి అప్పటికే ఆసుపత్రికి చేరాడు. మన దగ్గర గంటలు పోయేది అంతకు ముందే, ఊళ్లో మంచం పక్కన, మెడికల్ షాపు ముందు, ఆర్‌ఎంపీ సెలైన్ బాటిల్ కింద. ఏటూరునాగారం వైపు నుంచి వరంగల్ రావాలంటే దాదాపు వంద కిలోమీటర్లు. ఆ దారిని తగ్గించలేం. బయలుదేరే గంటనైతే ముందుకు జరపొచ్చు. ఇక్కడ గంటకు విలువెంతో చెప్పే ఒక అంకె ఉంది. బీపీ పడిపోయిన సెప్సిస్ రోగుల మీద 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, సరైన యాంటీబయాటిక్ ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గుతూ పోయింది. తర్వాతి పరిశోధనల్లో ఆ అంకె మీద చర్చ నడిచింది కానీ దిశ మారలేదు. అలాంటి రోగికి గంటలోపే మందు మొదలుపెట్టాలని 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆర్‌ఎంపీల గురించి మాట్లాడితే అటు డాక్టర్లకూ ఇటు ఆర్‌ఎంపీలకూ కోపం వస్తుంది. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ తనిఖీలు చేస్తుంది, కేసులు పెడుతుంది. అర్హత లేనివాళ్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వడం నిజంగా ప్రమాదమే. స్టెరాయిడ్‌తో జ్వరం దిగుతుంది, ఒళ్లు తేలికవుతుంది, లోపల జబ్బు మాత్రం నడుస్తూనే ఉంటుంది, షుగర్ కూడా పెరుగుతుంది. నొప్పి సూదులు అప్పటికే నీరు తగ్గిన కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. మామకు ఆ రాత్రి ఏం సూదులు వేశారో ఇప్పటికీ మాకు తెలియదు, చీటీ లేదు. ఇదంతా ఒప్పుకుంటూనే అంటున్నా: రాత్రి పదింటికి ఊళ్లో దొరికే మనిషి ఆయనొక్కడే. కేసులు పెట్టినంత మాత్రాన రేపు రాత్రి ఆ మంచం పక్కకు వేరే డాక్టర్ రాడు. ఎలాంటి రోగిని తాను ముట్టుకోకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలో ఆయనకు నేర్పితే తప్పేంటి? ఆశా కార్యకర్తకు, పల్లె దవాఖానాలో ఉండేవాళ్లకు నేర్పినట్టే.

మనవాళ్లకు ఇవన్నీ అర్థం కావు అనేవాళ్లు వానాకాలంలో హన్మకొండలో ఏ ల్యాబ్ ముందైనా పది నిమిషాలు నిలబడాలి. జ్వరం ఎన్ని డిగ్రీలో చెప్పరు గానీ ప్లేట్‌లెట్లు ఎన్ని వేలకు పడిపోయాయో అందరూ చెబుతారు. 2021లో ఆక్సిజన్ లెవెల్ 94 దాటిందా లేదా అని చదువురాని ముసలమ్మలు కూడా వేలికి క్లిప్పు పెట్టించుకుని అడిగారు. ప్లేట్‌లెట్ల టెన్షన్ శ్రుతి మించి బొప్పాయి ఆకుల బేరం దాకా పోయిందన్నది వేరే సంగతి. మాట ఊళ్లోకి చేరడం ఎంత సులువో అది చూపించింది.

చేరాల్సిన మాట పెద్దదేం కాదు. ఇన్‌ఫెక్షన్ ఉన్న మనిషి మాట తడబడుతున్నా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, గట్టిగా వణుకుతున్నా, ఎగశ్వాస తీస్తున్నా, పూటంతా మూత్రం రాకపోయినా, చర్మం మీద నీలి మచ్చలు తేలినా ఇంట్లో ఉంచకూడదు. వేలి గోరు అయిదు సెకన్లు నొక్కి వదిలి చూడొచ్చు. తెల్లబడ్డ గోరు మూడు సెకన్లలోపు మళ్లీ ఎర్రబడాలి. అంతకన్నా ఆలస్యమైతే రక్తం చివరి మడికి అందడం లేదన్నమాట. చలికి కూడా అలా కావచ్చు, వేగంగా ఎర్రబడినంత మాత్రాన గండం గడిచినట్టూ కాదు. ఇంకో సంగతి, జ్వరం లేకపోతే భయం లేదనుకోవడం పెద్ద పొరపాటు. ముసలివాళ్లకు, పసిబిడ్డలకు సెప్సిస్‌లో ఒళ్లు చల్లబడవచ్చు. పాలు తాగని, ఏడుపు తగ్గిన, చల్లగా తగిలే పసిగుడ్డును ‘బుద్ధిగా పండుకున్నడు’ అని మురిసిపోతాం. కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, అలా నలభై రెండో రోజు దాకా వచ్చి చూడాలన్న ఏర్పాటు ఇలాంటివి పట్టుకోవడానికి కూడా.

వీటన్నిటిలో మొదట కనిపెట్టేది ఇంటి మనిషే. అత్తమ్మకు శుక్రవారం పొద్దున్నే తెలిసింది, ఆమె మాట ఎవరం వినలేదు. ఇంగ్లండ్‌లో 2021లో మార్తా అనే పదమూడేళ్ల అమ్మాయి సెప్సిస్‌తో చనిపోయింది. తల్లిదండ్రులు ఆందోళన చెప్పినా పట్టించుకోలేదు. వాళ్ల పోరాటం వల్ల 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో ‘మార్తా రూల్’ అమల్లోకి వచ్చింది. రోగి పరిస్థితి దిగజారుతోందని అనిపిస్తే వేరే వైద్య బృందాన్ని వెంటనే వచ్చి చూడమని కుటుంబమే అడగొచ్చు. కిక్కిరిసిన మన వార్డుల్లో రెండో బృందం ఎక్కడిదని నవ్వొచ్చు. ‘పొద్దటి నుంచి మనిషి తేడాగా ఉన్నడు సార్’ అనే మాటను కేసు షీట్‌లో ఒక గడిగా పెట్టడానికి రెండో బృందం అక్కర్లేదు.

మాట తెలియకపోవడం వల్ల ఇంకో నష్టం ఉంది, అనుమానం. నడుచుకుంటూ వచ్చిన మనిషి సాయంత్రానికి వెంటిలేటర్ మీద ఉంటాడు. ‘మల్టీ ఆర్గాన్’ (చాలా అవయవాలు దెబ్బతిన్నాయి) అని ఒక ముక్క చెప్పి సంతకాలు తీసుకుంటారు. పైసల కోసమే మిషన్ పెట్టారని, లేదా సూది వికటించిందని బయట మాట పుడుతుంది, కొన్నిసార్లు అద్దాలు పగులుతాయి. ప్రైవేటులో రోజు బిల్లు చూసి మూడో రోజుకు బంగారం కుదువ పెడతారు, అయిదో రోజుకు ‘ఇంటికి తీసుకుపోతం’ అని రాసిచ్చి ఆక్సిజన్ పెట్టిన అంబులెన్స్‌లో గడప దాకా తెచ్చుకుంటారు. ఈ భయాన్ని వాడుకునే ఆసుపత్రులు కూడా ఉంటాయి, ప్రతి జ్వరానికీ సెప్సిస్ పేరు చెప్పి వేల రూపాయల పరీక్షలు రాస్తాయి. జనానికి విషయం తెలిస్తే ఆ ఆట కొంత కట్టడి అవుతుందని నా నమ్మకం, ‘బీపీ ఎంత, మూత్రం ఎంత వచ్చింది, యాంటీబయాటిక్ ఎన్నింటికి మొదలుపెట్టారు’ అని అడిగే మనిషిని మభ్యపెట్టడం కష్టం.

బతికి వచ్చినవాళ్ల గురించి మనం అసలు మాట్లాడం. మా కాలనీలో ఒక టైలర్ ఉన్నాడు. నిమోనియా ముదిరి పదిహేను రోజులు ఐసీయూలో ఉండి ఇంటికొచ్చాడు. వీధంతా మృత్యుంజయుడన్నారు. మూడు నెలల తర్వాత కూడా సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాడు. జాకెట్ కొలత చీటీ మీద రాసుకుంటాడు, చీటీ ఎక్కడ పెట్టాడో మర్చిపోతాడు. రాత్రుళ్లు పైపులు పీకేస్తున్నట్టు కల వచ్చి అరుస్తాడు. ‘బద్ధకం నేర్చిండు’ అని ఇంట్లోవాళ్ల మాట. సెప్సిస్ నుంచి బయటపడ్డ పెద్ద వయసువాళ్లలో జ్ఞాపకశక్తి దెబ్బ, పనిచేసే శక్తి తగ్గడం ఎనిమిదేళ్ల దాకా కనిపించాయని 2010లో అమెరికా పరిశోధకులు చెప్పారు. డిశ్చార్జ్ చీటీలో మందులు రాసి ఉంటాయి, ఈ సంగతి మాత్రం ఉండదు. ఫిజియోథెరపీ చేయించాలని, మళ్లీ ఇన్‌ఫెక్షన్ వస్తే ఆగకుండా రావాలని తెలుగులో నాలుగు వాక్యాలు రాయడానికి ఖర్చేం కాదు.

మామకు యాభై ఆరు. రైతు బీమా అయిదు లక్షలు అత్తమ్మ ఖాతాలో పడ్డాయి. ఏ కారణంతో పోయినా ఇచ్చే డబ్బు కాబట్టి కారణం ఎవరూ అడగలేదు. మొన్న ఊరికి పోయినప్పుడు ఆమెకు పాకాల కాలువ లెక్కలోనే అంతా చెప్పాను. ముల్లు, గండ్లు, చివరి మడి. చివరిదాకా విని, "అయితే నేను పొద్దున చెప్పిందే గదా బిడ్డా" అంది.