వంద మిల్లీలీటర్ల దొరవారికి

హన్మకొండ,
ఫాల్గుణ మాసం.

విమానమెక్కేటోళ్ళ చేతిసంచిల వంద మిల్లీలీటర్లు దాటిన ద్రవం సీసా ఉండొద్దన్న రూలు దొరవారికి దండాలు.

నేనెవరో మీకు యాదికుండదు. రోజుకు ఎన్ని సీసాలు మీ కాళ్ళకాడ రాలుతయో, ఏది ఎవరిదని యాదిపెట్టుకుంటరు? గుర్తుకోసం చెప్తున్న. మొన్న మాఘమాసంల, నడిజాము దాటినంక, మూడో వరుసల గులాబిరంగు స్వెట్టర్ వేసుకొని, తొక్కు సీసాను రెండు చేతులతో పట్టుకొని "ఇది నీళ్ళు కాదు బిడ్డా" అని వాదించిన ఆమె మా అమ్మ. పక్కన తల వంచుకొని నిలబడ్డది నేను. ఏ ఎయిర్‌పోర్టో చెప్పను, దానికేం పాపం. ఆజ్ఞ తమరిది, అది గుమ్మం మాత్రమే.

అసలు ఆ సీసా చేతిసంచిలకు రావల్సింది కాదు. డల్లాస్‌ల మా చెల్లెకు తొమ్మిదో నెల. అమ్మను దింపి రావడానికి నేను తోడు పోయిన. పెట్టెకు 23 కిలోలని చెప్పిన్రు గదా, ఇంట్ల బరువు చూసే మిషిన్ మీద ముందుగాల నేను ఉత్తగ నిలబడి, మళ్ళ పెట్టె ఎత్తుకొని నిలబడి, తీసివేత లెక్క చేసి, ఇరవై రెండున్నర అని తేల్చి పండుకున్న. పొద్దున లేచేసరికి అమ్మ "ఇంత జాగుంది గదరా" అని సకినాలు, ఇంత సర్వపిండి, ఇంకేందో గుడ్డమూట దాంట్ల సర్దింది. కౌంటర్ కాడ కాంట ఇరవై అయిదున్నర చూపెట్టింది. రెండున్నర కిలోలు తియ్యాలన్నది ఆ పిల్ల, నవ్వుకుంటనే. అందరి ముందట నేల మీద పెట్టె పరిచి కూసున్నం. సకినాలు తీస్తే కాంట కదలదు. బరువంతా సీసాలల్లనే ఉంది. నేను తెలివిగల్లోణ్ణి గదా, తొక్కు సీసా, నెయ్యి డబ్బ, తలనూనె సీసా, ఆ గుడ్డమూట తీసి చేతిసంచిల పెట్టిన.

అట్ల కౌంటర్ దొర తరిమితే తమరి దొడ్లె వచ్చి పడ్డం. ఆయనకు బరువు మీద కోపం, తమరికి కొలత మీద కోపం. పెట్టెల ఉన్నంతసేపు అది తొక్కే. చేతిసంచిలకు రాంగనే ఆయుధమైంది.

ముందుగాల సంచి మిషిన్లకు పోయింది. ఆగింది. వెనుకకు పోయింది. మళ్ళ ముందుకొచ్చింది. జవాను, హిందీ పోరడు, మర్యాదస్తుడే, "ఇస్‌మే క్యా హై మాజీ?" అన్నడు. అమ్మ ఛాతీ విరిచి చెప్పింది: "బంగారం."

నాకు నిద్రమత్తు. నోరు జారి తర్జుమా చేసిన: "సోనా."

ఆ పిల్లగాడు నిటారుగైండు. ఇంకో ఇద్దరొచ్చిన్రు. మా దిక్కు బెల్లాన్నే బంగారమంటమని, మేడారంల సమ్మక్క సారలమ్మలకు మనిషి ఎత్తు తూకమేసి ఇస్తమని, చెల్లె కాన్పు మంచిగ కావాలని అమ్మ మొక్కిందని, ఇది గద్దెల కాడి ప్రసాదమని, నాకొచ్చిన వరంగల్ హిందీల నేను చెప్పుకొచ్చేసరికి ఎనుక వరుస పెరిగింది. మూట విప్పితే పసుపు, కుంకుమ అంటిన రెండు బెల్లం ముద్దలు. తెర మీద చూడమన్నరు. ఆ మిషిన్లల్ల ఇనుము లాంటిది నీలంగ, తిండి, బట్ట, కట్టె లాంటివి నారింజ రంగుల కనబడతయట. పేలుడు సామాన్లు గూడ ఆ నారింజ జాతివే గాబట్టి అట్లాంటి ముద్ద కనబడితే అనుమానమట. మా బెల్లం తెర మీద నారింజ రంగుల ధగధగ మెరుస్తున్నది. అమ్మ తొంగిచూసి "చూసినవా, మిషిన్‌కు తెలుసు" అన్నది. గట్టి పదార్థమని బంగారాన్ని వదిలిపెట్టిన్రు. తమరి దయ.

తర్వాత తొక్కు వంతు.

ఇక్కడ తమరితో ఒక మాట తేల్చుకోవాలె. నీళ్ళు, నూనెలంటే సరే. కానీ తమరు జిగురును, ముద్దను, పూసేదాన్ని, పిసికేదాన్ని అన్నింటినీ ఒకే గాట కట్టేసిన్రు. తొక్కు గట్టిదా, పలచనా? మా ఇంట్ల మూడు తరాల నుంచి ఈ ప్రశ్న ఎవరూ అడగలే. అమ్మ వాదన సూటిగుంది. మూత బిగించి సీసాను బోర్లించింది. ముక్క కదల్లే. "కారుతున్నదా? కారుతున్నదా చెప్పు బిడ్డా?" జవాను వంగి చూసిండు. నేను వంగి చూసిన. ఎనుకున్న కోటు సారు గూడ వంగి చూసిండు. గెలిచినమనే అనుకున్న. అంతల్నే సీసా గోడ పొంటి ఒక సన్నటి ధార, పొద్దుగూకంగ సూర్యుని రంగున్న పల్లినూనె, నిమ్మళంగ దిగుకుంట వచ్చి మూత కాడ వేలెడు మందం నిలబడ్డది. పోయిన ఎండకాలం పెట్టిన తొక్కు. మీద నూనె తేలకుంటే బూజు పడతది. తేలిన నూనే మమ్మల్ని పట్టిచ్చింది.

చపాట మిర్చితోని పెట్టిన తొక్కు దొరా అది. 2025ల భౌగోళిక గుర్తింపు వచ్చిన మా వరంగల్ మిర్చి. చూడనీకి ఎర్రగ అగ్గిలెక్క ఉంటది గనీ కారం తక్కువ. దాంతోని విమానం కాదు, ఒక మనిషిని గూడ కంటనీరు పెట్టిచ్చుడు కష్టం.

నెయ్యి దగ్గర అమ్మకు ఇంకా ధీమా. చలిరాత్రి, పైగా ఏసీ. నెయ్యి తెల్లగ పేరుకొని రాయి లెక్కున్నది. "చెంచ దిగదు, ఇదేం ద్రవం?" అన్నది. జవాను ఒకటే మాటన్నడు: "పిఘల్ జాయేగా మాజీ." కరుగుతదట. ఇయ్యాల గడ్డకట్టిన నెయ్యికి రేపు కరగబోయే నేరం కింద శిక్ష పడ్డది. ఇదే నెయ్యి కొబ్బరికాయల నింపి ఇరుముడిల కట్టుకొని శబరిమల పోతే లెక్క వేరే. 2024 అక్టోబరుల కేంద్రం కనికరించి, 2025 జనవరి 20 దాక అయ్యప్ప స్వాముల ఇరుముడి కాయను విమానంల వెంట తీసుకపోనిచ్చింది, అన్ని తనిఖీలు చేసినంకనే అనుకోండి. లోకం మీద భక్తికి దారి దొరికింది, బాలింత కూడుకు దొరకలే.

నా పళ్ళపేస్టు గురించి చెప్పుకోవడానికి సిగ్గయితది. అయిపోవచ్చింది, చపాతీ కర్రతోని ఒత్తి తోక చుట్టిన. లోపల రెండు పూటలకు సరిపోనంత. కానీ మీద 150 గ్రాములని అచ్చేసి ఉంది. లోపల ఎంతున్నదని కాదు, ఎంత పట్టేదని చూస్తరట తమరు. పూర్తిగ ఖాళీదైతే పోనిస్తరు. అడుగున చుక్కుంటే నిండు కడవే.

ఇంత కోపం తమరికి ఎందుకొచ్చిందో అర్థం కానోణ్ణేం కాదు. 2006 ఆగస్టు 10న లండన్‌ల ఓ కుట్ర బయటపడ్డది. కూల్‌డ్రింక్ సీసాలల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ద్రవం నింపి, అమెరికా, కెనడాలకు పోయే విమానాలను గాల్లనే పేల్చాలని పథకం. నిజంగ జరిగితే వందలమంది పోయేటోళ్ళు. ఆ రోజుకారోజు అన్ని ద్రవాలు బంద్ పెట్టిన్రు. సెప్టెంబరుల అమెరికా, నవంబరుల యూరప్ కొంచెం సడలిచ్చి, సీసాకు దాదాపు వంద మిల్లీలీటర్లు, అన్నీ కలిపి దాదాపు లీటరు పట్టే తేటసంచిల పెట్టుకోవాలన్నయి. అట్ల పుట్టిన్రు తమరు. భయంల పుట్టినోళ్ళను తప్పుపట్టలేం. అప్పటి మిషిన్లకు నీళ్ళేవో పెరాక్సైడేదో చెప్పే తెలివి లేకుండె. ఇప్పటికీ దేశం లోపల తిరిగేటప్పుడు తమరు అంత కఠినంగుండరు, నీళ్ళసీసా పట్టుకొని ఎక్కినా చూసీచూడనట్టుంటరు. సముద్రం దాటాలంటేనే తమరికి సమ్మక్క పూనకం.

ఒక్కటి మాత్రం తర్వాత చదివి నవ్వుకున్న. ఆ ఆగస్టు రోజున పసిపిల్లల పాలను గూడ తల్లులు అక్కడనే తాగి చూపెడితేనే పోనిచ్చిన్రట. మా అమ్మకు ఆ సంగతి తెల్వది, కానీ అదే మాటన్నది: "అనుమానముంటే బుక్కెడన్నం తెప్పియ్యి, కలుపుకొని నేనే తింట. నువ్వు గూడ తిను, పాపం ఎప్పుడు తిన్నవో." పోరడు నవ్వు ఆపుకున్నడు. బువ్వ తెప్పియ్యలే.

మందులకు తమరు మినహాయింపు ఇచ్చిన్రు. రోగికి కావల్సింది వంద దాటినా చూపెట్టి తీసుకపోవచ్చు. ధర్మమే. కానీ తెలుగుల మందంటే రెండు. ఒకటి తనిఖీకి ముందట, చీటీ చూపెట్టి, బతిమాలుకొని దాటిచ్చేది. రెండోది తనిఖీ దాటినంక వరుసగ అద్దాల బీరువాలల్ల, లీటరు సీసాలల్ల నిలబడి మనల్నే పిలిచేది. దాన్ని బిల్లుతో సహా సంచిల పెట్టి సీలేసి ఇస్తరు, ఏమన్నా అంటే ఒట్టు. మా అమ్మ తొక్కుకు బిల్లు లేకపోవుడే దాని తప్పు. ఎంతకు పెట్టినవని అడిగితే ఆమె ఏం రాసియ్యాలె? కాయలు మామ చెట్టువి, నూనె గానుగది, రెక్కలు ఆమెవి.

తమరు పుట్టిన దేశంలనే తమరి మాట చెల్లుత లేదని విన్న. సంచిని చుట్టూతా తిరిగి చూసి, లోపలి సీసాల ఉన్నది ఎంత చిక్కదో గూడ అంచనాకట్టే సీటీ మిషిన్లొచ్చినయట, దవాఖానల తలకాయకు తీసేటట్టియి. 2025ల ఎడిన్‌బరో, బర్మింగ్‌హాం ఎయిర్‌పోర్టులల్ల రెండు లీటర్ల దాక పోనిస్తున్నమన్నరు. రెండు లీటర్లంటే మా ఇంట్ల చిన్న జాడీ. ఈ ముచ్చట అమ్మకు ఇంకా చెప్పలే. చెప్తే టికెట్లు బర్మింగ్‌హాం మీదికెల్లి చెయ్యమంటది.

మామునూరు గూడ యాదికొచ్చింది. మా వరంగల్ పక్కన నిజాం కాలంల, 1930ల కట్టిన ఎయిర్‌పోర్టు. 1981 నుంచి ప్రయాణికుల విమానం దిగలే. హైదరాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకోటి రావద్దన్న ఒప్పందం అడ్డముండె. 2025ల ఆ చిక్కు తీరి అనుమతి వచ్చింది. అది తెరిస్తే తమరు అక్కడ గూడ దిగుతరు గదా. ముందుగాలనే చెప్తున్న, అక్కడికి తొక్కు సీసా లేకుండ వచ్చే ప్రయాణికుడు ఒక్కడు గూడ దొరకడు. చెత్తడబ్బ పెద్దది పెట్టిచ్చుకోండి.

ఆ రాత్రి తొక్కు, నెయ్యి చెత్తడబ్బల పడ్డయి. అమ్మ వాటికి చేతులు జోడించింది, మనిషిని సాగనంపినట్టు. మిగిలింది తలనూనె, గుంటగలగరాకు వేసి ఇంట్ల కాచిన కొబ్బరినూనె, రెండు వందల మిల్లీలీటర్లు. "ఇది గూడనా?" అన్నది. జవాను కళ్ళు దించుకున్నడు.

అమ్మ పక్కన, జనం బూట్లు తొడుక్కునే బెంచీ మీద కూసుంది. మూత తీసింది. కొప్పు విప్పి, సగం సీసా తన నెత్తిన పోసుకొని రుద్దుకుంది. "ఇటు రా" అన్నది. ఊళ్ళె ఉన్నట్టే వంగిన. మిగిలిన సగం నా మాడు మీద పోసి చటచట చరిచింది. జవాను "మాజీ..." అని ఆగిపోయిండు. తల మీదున్న నూనెకు తమరి చట్టంల ఏ సెక్షన్ గూడ దొరకలే ఆయనకు. ఖాళీ సీసాను అమ్మ మూత పెట్టి సంచిల వేసుకుంది. ఖాళీదే గదా, సాఫీగ పోయింది.

నడుమ ఒక చోట విమానం మారి, ఇరవై గంటలు దాటిన ప్రయాణం. నా పక్కసీటు సారు మొకం కిటికీ దిక్కు తిప్పుకొనే పండుకున్నడు. ఆ విమానపోళ్ళ దిండు గలీబుకు నా తరఫున క్షమాపణ.

డల్లాస్‌ల చెల్లె తలుపు తీసి, కడుపు అడ్డమొస్తుంటే పక్కకు తిరిగి అమ్మను పట్టుకుంది. ముక్కు అమ్మ తలల పెట్టి కాసేపు అట్లనే ఉంది. "నూనె తెచ్చినవానే?" అన్నది. అమ్మ ఖాళీ సీసా తీసి చూపెట్టింది. చెల్లె రెండు అరచేతులు అమ్మ జుట్టుకు గట్టిగ రాసి, ఆ చేతులే తన మాడుకు అద్దుకుంది.

ఓ అయిదు మిల్లీలీటర్లుంటదేమో దొరా. లెక్కల రాసుకోండి.

ఇట్లు,
మూడో వరుస తొక్కుసీసామె కొడుకు