రత్నాలమ్మిన వీధిలోనే కట్టెలూ అమ్మేవారు

వాట్సాప్‌లో ఒక పోస్టు తెగ తిరుగుతుంటుంది. కృష్ణదేవరాయల కాలంలో విజయనగరం వీధుల్లో రత్నాలు రాశులు పోసి కుంచాలతో కొలిచి అమ్మేవారట, ఊళ్లో పేదవాడే లేడట, పన్నుల బాధ లేదట, ఇళ్లకు తాళాలు లేవట, అందరూ శాకాహారులట. ఆ ఊరిని కళ్లారా చూసినవాళ్లు రాసిపెట్టినవి ఉన్నాయి కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

రత్నాల మాట పూర్తిగా అబద్ధం కాదు. బజారులో కెంపులు, ముత్యాలు, వజ్రాలు బాహాటంగా అమ్ముతున్నారని రాసిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ వచ్చింది 1443లో, అంటే రాయలు గద్దెనెక్కడానికి 66 ఏళ్ల ముందు. రాయల కాలంలోనే, 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ కూడా రత్నాల వర్తకుల వీధి గురించి రాశాడు. కుంచాలతో కొలిచే ముచ్చట ఇద్దరిలోనూ లేదు. పైగా పేస్ చూసిన ఆ వీధిలోనే రోజూ సాయంత్రం సంత జరిగేది. నాసిరకం గుర్రాలు, నిమ్మకాయలు, నారింజలు, ద్రాక్ష, కూరగాయలు, వంటచెరకు అక్కడ దొరికేవి. మామూలు జనం ఆ వీధికి ఎందుకు వెళ్లేవారో వేరే చెప్పక్కర్లేదు.

పేదవాడే లేడా? మరో పోర్చుగీసు, బర్బోసా, సామాన్యుల ఇళ్లు గడ్డి కప్పులవే అన్నాడు. అయితే చక్కగా కట్టుకున్నవనీ, ఏ వృత్తివాళ్ల వీధులు వాళ్లకే ఉండేవనీ కూడా చెప్పాడు.

అన్నిటికన్నా తప్పు మాట పన్నుల గురించి చెప్పింది. రాయల తర్వాత, అచ్యుతరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ నాగలాపురం ద్వారం లెక్క వివరంగా ఇచ్చాడు. నాగలాపురమంటే విజయనగరం పక్కనే ఉన్న నేటి హోస్పేట. ఆ ద్వారాన్ని ఏడాదికి 12,000 వరహాలకు గుత్తకిచ్చారు. గుత్తదారు అడిగినంత కడితేనే లోపలికి ప్రవేశం, ఊరివాడైనా పరదేశైనా ఒకటే. నగరానికి సరుకంతా బయటి నుంచి పెరికెద్దుల మీదే రావాలి. రోజుకు 2,000 ఎద్దులు వచ్చేవి, ఒక్కోదానికి సుంకం మూడు వింతేలు, అంటే పోర్చుగీసు చిల్లర నాణేలు. కొమ్ముల్లేని బోడి ఎద్దులకు మాత్రం రాజ్యమంతటా మాఫీ! ఎందుకో ఆయన చెప్పలేదు. వర్తకుడు ఆ సుంకాన్ని తన జేబులోంచి ఎందుకు భరిస్తాడు? సంతలో బియ్యం కొనేవాడి మీదే వేసి ఉంటాడు. ఇక పల్లెల్లో రైతు పండించిన పది పాళ్లలో తొమ్మిది పాళ్లు దొరకే పోతాయన్నాడు నూనిజ్. ఈ లెక్క అతిశయోక్తి అనే చరిత్రకారులున్నారు. సగం కోసేసినా అది పన్ను లేని రాజ్యం మాత్రం కాదు.

తాళాల సంగతి చిన్నదే. ఎంత చిన్న దొంగతనానికైనా కాలూ చెయ్యీ నరికేవారని నూనిజే రాశాడు. దొంగల్లేని ఊళ్లో ఆ శిక్షతో పనేముంది?

శాకాహారం అయితే మరీ విడ్డూరం. వీధి వీధిలో గొర్రెమాంసం అమ్మేవారున్నారనీ, పంది నాలుగైదు పణాలకే దొరుకుతుందనీ పేస్ రాశాడు. నూనిజ్ జాబితా ఇంకా పొడుగు: గొర్రెలు, జింకలు, కుందేళ్లు, కముజు పిట్టలు, పిచ్చుకలు, చివరికి ఎలుకలు, పిల్లులు, బల్లులు కూడా. వేటమాంసాన్ని ప్రాణంతోనే అమ్మాలట, కొనేవాడికి తాను కొంటున్నదేమిటో తెలియాలని.