సర్వర్ టెంప్లేటు ఎన్ని ప్రశ్నలు అడగాలి?

అనంతపురం, కర్నూలులో పదిమందితో నడిచే సాఫ్ట్‌వేర్ సంస్థలకు వచ్చే పనులు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఒక కళాశాలకు ఫీజుల లెక్క, చీనీ (బత్తాయి) మార్కెట్‌లో ఒక కమీషన్ ఏజెంటుకు సరుకు ఖాతా, ఒక నర్సింగ్ హోముకు ఓపీ నమోదు. అన్నింటి అడుగునా ఉండేది ఒక వెబ్ సర్వరు, పీహెచ్‌పీ లేదా పైథాన్, ఒక డేటాబేసు. అయినా ప్రతి ఖాతాదారుకూ అన్నీ మళ్లీ చేత్తోనే అమరుస్తారు; అమర్చిన కుర్రాడు ఏడాది తిరిగేసరికి బెంగళూరు బస్సెక్కితే, సర్వరులోకి దారినిచ్చే ఏ పోర్టు ఎందుకు తెరిచారో చెప్పే దిక్కుండదు. ఈ అమరికను ఫైలులో రాసిపెట్టే సాధనాలు కొత్తవేమీ కావు. అమెజాన్ క్లౌడ్‌ఫార్మేషన్ 2011లో, టెర్రాఫామ్ 2014లో వచ్చాయి. వాటితో టెంప్లేటును, అంటే ప్రతి ఖాతాదారుకూ మళ్లీ వాడుకోగల ఆ అమరిక ఫైలును, ఎలా రూపొందించాలన్న దగ్గరే మనవాళ్లు తడబడుతున్నారు.

అందరికీ పనికిరావాలన్న ఆశతో ప్రతిదాన్నీ పారామీటరుగా, అంటే వాడేవాళ్లు నింపాల్సిన ప్రశ్నగా, మార్చడం ఆ తడబాటులో మొదటిది. ముప్పై ప్రశ్నలడిగే టెంప్లేటును నింపడంకన్నా చేత్తో కట్టుకోవడమే సులువనిపిస్తుంది. ఖాతాదారు పేరు, డొమైన్, సర్వర్ పరిమాణం, బ్యాకప్ నిల్వ ఉంచే రోజులు: చిన్న సంస్థకు ఇంతకు మించి అడగవలసిన అవసరం అరుదు. దూరం నుంచి సర్వరులోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ పోర్టును లోకమంతటికీ తెరవాలా వద్దా అన్నది అసలు ప్రశ్నగానే ఉండకూడదు, మూసే ఉంచాలని టెంప్లేటే తేల్చెయ్యాలి. పాస్‌వర్డును టెంప్లేటులో రాయకుండా వేరే చోట భద్రపరిస్తే, అప్లికేషనే నేరుగా అక్కడి నుంచి తెచ్చుకోవాలి. టెర్రాఫామ్ ద్వారా తెప్పిస్తే, తాను కట్టినవాటిని అది రాసిపెట్టుకొనే స్టేట్ ఫైలులో ఆ పాస్‌వర్డు సాధారణంగా మామూలు అక్షరాల్లోనే కూర్చుంటుంది, ఆ ఫైలును కోడు దాచి పంచుకొనే గిట్‌లోకి ఎక్కించే ప్రబుద్ధులకూ కొదవలేదు.

ఇమేజ్, అంటే కొత్త సర్వరు దేనితో మొదలవుతుందో ఆ ఆపరేటింగ్ సిస్టం నకలు, దాని సంగతి కాస్త వివరంగా చూడాలి. సర్వర్లను అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్‌కు ముంబయి రీజియన్ (డేటా కేంద్రాల సముదాయం) 2016లో, హైదరాబాద్ రీజియన్ 2022లో మొదలయ్యాయి. అమెజాన్ ఇమేజ్‌కు ఉండే ఏఎంఐ గుర్తింపు సంఖ్య రీజియన్‌కొకటి కాబట్టి, ముంబయికని రాసిన సంఖ్య హైదరాబాదులో చెల్లదు. దీనికి విరుగుడుగా ఎప్పటికప్పుడు తాజా ఇమేజ్‌నే తెచ్చుకొనేలా రాస్తే ఇంకో చిక్కు వచ్చిపడుతుంది. క్లౌడ్‌ఫార్మేషన్‌లో ఇమేజ్ మారితే పాత సర్వరు పోయి దాని స్థానంలో కొత్తది వస్తుంది. మూడు నెలల తర్వాత ఎవరో ఒక ట్యాగ్ (గుర్తు చీటీ) సవరించి స్టాకును, అంటే టెంప్లేటు కట్టిన మొత్తాన్ని, అప్‌డేట్ చేస్తే, పాత సర్వరుతోపాటు దాని రూట్ (ప్రధాన) డిస్కు, అందులో విద్యార్థులు అప్‌లోడ్ చేసిన ధ్రువపత్రాలూ పోతాయి. రీజియన్‌వారీగా సంఖ్యలను పట్టికలో రాసుకొని, ఇమేజ్ మార్పును ముందే తేదీ చూసుకొని చేపట్టడమే క్షేమం.

డేటాబేసును అప్లికేషన్ స్టాకులో కలపకూడదనడానికీ కారణం ఇదే. అప్లికేషన్ భాగాన్ని ఎన్నిసార్లు కూల్చి కట్టినా నష్టం లేదు. డేటాబేసుకు వేరే టెంప్లేటు పెట్టి, స్టాకును తొలగించినా అది నిలిచేలా డిలీషన్ పాలసీలో రిటైన్ (ఉంచు) అని రాయాలి. రాయవలసిన వరుసలు కొన్ని పెరుగుతాయి, పెరగనివ్వండి.

టెంప్లేటుకు వెర్షన్ సంఖ్య ఇచ్చి, ఏ ఖాతాదారు ఏ వెర్షన్‌పై ఉన్నారో ట్యాగులో నమోదు చేసే అలవాటు మన దగ్గర ఇంకా కనబడదు. ఉదాహరణకు, సర్వర్లలో వాడే ఆపరేటింగ్ సిస్టం సెంటాస్ 7కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. ఆ నమోదు ఉన్న సంస్థ ఎవరి సర్వర్లు మార్చాలో ఒక్క జాబితాలో చూసుకుంటుంది, లేని సంస్థ ఒక్కొక్క సర్వరులోకీ లాగిన్ అయి వెతుక్కోవాలి.