మహారాజశ్రీ వించెస్టర్ 94 తుపాకీ గారికి

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా మా గరాజ్‌లో, అవిసె నూనె వాసనలో, మెత్తటి తువ్వాలు మీద పడుకుని క్షేమంగానే ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ తువ్వాలు నాది.

టెక్సస్‌లోని ఒక తాకట్టు కొట్టు నుంచి మిమ్మల్ని తెచ్చిన రోజు మా ఆయన ‘చరిత్ర ఇంటికొచ్చింది’ అన్నారు. నిజానికి చరిత్ర రావడానికి గ్రీన్ కార్డు దాకా ఆగాల్సి వచ్చింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు తుపాకీ పెట్టుకోకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు ఉంటే మాత్రం పరవాలేదట. కానీ మా ఆయన శనివారాలు గుడ్డు కూడా ముట్టరు. వేటకి తీరికయ్యేదేమో శనివారమే.

చరిత్ర అన్నారు కాబట్టి నేనూ కాస్త చదివాను. మిమ్మల్ని రూపొందించింది యూటాలోని ఆగ్డెన్ ఊరి జాన్ బ్రౌనింగ్. ఆయన మేధావే, అందులో నాకు పేచీ లేదు. కానీ ‘అమెరికా పడమరని గెలిచిన తుపాకీ’ అన్న బిరుదు మీ అన్నగారు 1873 మోడల్‌ది. (గెలిచింది ఎవరి నేలనో ఆ బిరుదులో రాయలేదు.) 1890 జనాభా లెక్కలయ్యాక, పడమరలో వలసవచ్చినవాళ్లు స్థిరపడ్డ నేలకీ, పడని నేలకీ మధ్య సరిహద్దు గీత అంటూ ఇక ఏమీ మిగల్లేదని ప్రభుత్వమే చెప్పేసింది. మీరొచ్చింది 1894లో, తలంబ్రాలు కూడా అయిపోయాక దిగిన పురోహితుడిలా. అయినా దక్షిణ మొత్తం మీకే దక్కింది. 70 లక్షలకు పైగా తయారయ్యారు. పది లక్షలవది 1927లో ప్రెసిడెంట్ కూలిడ్జ్‌కి కానుకగా వెళ్లింది. మిగతావాళ్లలో ఎక్కువమంది పికప్ ట్రక్కుల్లో, పొలం ఇళ్ల తలుపుల వెనక బతికారు. జింకల సీజన్‌లో బయటికి తీసి, అయిపోగానే మూల పెట్టేసే పనిముట్టు. అంతే మీ వైభోగం.

ఇప్పుడేమో మీకు వంశం కావాలి. 1898 ముగిసేలోపు తయారైనవారైతే ఫెడరల్ చట్టం మిమ్మల్ని తుపాకీగానే లెక్కపెట్టదు, ‘యాంటిక్’ అంటుంది. 1899లో పుట్టినవాడు మాత్రం తుపాకీ. తూటా తగిలిన జింకకి ఈ తేడా ఎవరు చెబుతారో! వయోమింగ్‌లో కోడీ అనే ఊళ్లో ఒక మ్యూజియం ఉంది. డబ్బు కడితే, ఫ్యాక్టరీ పాత పద్దులు తిరగేసి మీ జాతకం రాసి పంపుతారు. ఏ బ్యారెల్‌తో వచ్చారు, గోదాములోంచి ఏ రోజు బయటికి వెళ్లారు, అన్నీ ఉంటాయి. మీ మోడల్‌కి ఆ పద్దులు 3,53,999 నంబరుతో ఆగిపోయాయి. మీ నంబరు దానికి ఎన్నో లక్షల అవతల ఉంది. మా ఆయన రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మీరు 1964 తర్వాతి పుట్టుక. ఆ ఏడు ఖర్చు తగ్గించుకోవాలని వించెస్టర్ వాళ్లు మీ లోపలి భాగాలు కొన్ని రేకుతో కొట్టించారు, గట్టి పిన్నుల చోట బోలు పిన్నులు దిగ్గొట్టారు, లోపలి యంత్రాన్ని పట్టి ఉంచే పెట్టె, అదే రిసీవర్, దాని ఉక్కు కూడా మార్చేశారు. ఆ ఉక్కు మామూలు బ్లూయింగ్‌కి, అంటే ఉక్కుని నల్లగా చేసే మందు పూతకి, లొంగదు. ఈ సంగతి తెలిసిన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) వద్దన్నా, మా ఆయన పట్టుబట్టి చేయించారు. బ్యారెల్ నల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. రిసీవర్ వంకాయ రంగులో వచ్చింది. గుత్తొంకాయకి పనికొచ్చే రంగు. అప్పటినుంచి సీసాలో దొరికే కోల్డ్ బ్లూ అనే పూత మందుతో అతుకులేయడం మొదలైంది. ఆ మందు కుళ్లిన గుడ్ల కంపు. శనివారం కూడా.

మీ భక్తుల్లో రెండు శాఖలున్నాయి. మొదటి శాఖ తుప్పుని తుప్పు అనదు, పటీనా అంటుంది. ముట్టుకుంటే ధర పడిపోతుందంటుంది. స్క్రూడ్రైవర్ పట్టిన చేతిని పాపిష్టి చేయిలా చూస్తుంది. రెండో శాఖవాళ్లు మీ చెక్క ఊడదీసి అల్యూమినియం తొడిగి, పైన రైలు పట్టా బిగించి, దాని మీద ఎర్ర చుక్కతో గురి చూపే రెడ్ డాట్ పెట్టి, తూటా ఎక్కించడానికి కిందికి లాగే లీవర్‌కి పెద్ద వలయం వేస్తారు. పాత కౌబాయ్ సినిమాల హీరో జాన్ వేన్ గుర్రం మీద ఒంటిచేత్తో తిప్పాడు మరి. వీళ్లు కుర్చీలో కూర్చుని తిప్పుతారు. మా ఆయన సోమవారం నుంచి గురువారం దాకా మొదటి శాఖ, జీతం పడ్డ శుక్రవారం రెండో శాఖ.

దసరాకి ఆయుధపూజ చేద్దామని కుంకుమ భరిణ పట్టుకొస్తే, ఆయన అడ్డం నిలబడ్డారు. పటీనా పాడవుతుందట. కారుకీ, మిక్సీకీ, ఆయన లాప్‌టాప్‌కీ బొట్టు పెట్టాను. నిజంగా ఆయుధమైన తమరికి పెట్టలేదు. మా అత్తగారికి ఫోన్లో ఈ సంగతి చెబితే, ‘పాతదాన్ని కొత్తగా చేయడానికి అంత డబ్బు, కొత్తదాన్ని పాతగా ఉంచడానికి అంత డబ్బా?’ అన్నారు. ఆవిడ ఆరో తరగతి దాకా చదివారు.

పోనీ, మీ బంధువుల్లో బంగారు పూత పూసిన స్మారక ప్రతులున్నారు. బఫెలో బిల్ పేర ఒకరు, జాన్ వేన్ పేర ఒకరు, ఇంకా చాలామంది. పెట్టె తెరవకూడదు, లీవర్ కదపకూడదు, కదిపితే గీత పడి విలువ పోతుంది. వాళ్లతో పోలిస్తే మీరే నయం. నూనె రాస్తే ఒప్పుకుంటారు, వేలిముద్రలకి ఏడవరు. న్యూ హేవెన్ ఫ్యాక్టరీ 2006లో మూతపడ్డాక, మీ పేరుతో ఇప్పుడొచ్చే పిల్లలు జపాన్‌లో మిరోకు అనే కంపెనీ దగ్గర తయారవుతున్నారు. వాళ్ల పనితనం మీకంటే నున్నగా ఉందని మా ఆయన ఒకసారి నోరుజారారు. మీకు వినపడిందేమోనని వెంటనే గరాజ్ తలుపు మూశారు.

ఇంకో ముఖ్యమైన విషయం. వచ్చే వారం మీ పక్కకి మార్లిన్ 336 అనే ఇంకో లీవర్ తుపాకీ దిగుతోంది. బ్యారెల్ మీద జేఎం ముద్ర ఉందట, అంటే మార్లిన్ కంపెనీ, రెమింగ్టన్ అనే ఇంకో తుపాకుల కంపెనీ చేతికి పోకముందు నాటిదని గొప్ప. సేఫ్‌లో చోటు లేకపోతే మీరిద్దరూ సర్దుకోండి. వాషింగ్ మెషీన్ పక్కనున్న అరలో నా ఆవకాయ జాడీలున్నాయి. అటువైపు చూస్తే మాత్రం మీ ఇద్దరినీ కలిపి అదే తాకట్టు కొట్టుకి పంపిస్తాను.

ఇట్లు,
తువ్వాలు యజమానురాలు