విసిగించి రాబట్టిన సమ్మతి

వెబ్‌సైటు తెరవగానే అడ్డంగా వచ్చి నిలిచే కుకీల సమ్మతి పెట్టె ఇక పరాయి దేశాల తలనొప్పి కాదు. కుకీ అంటే మనల్ని గుర్తుపట్టడానికి వెబ్‌సైటు మన బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచార తునక. విశాఖలో ఆసుపత్రులు, రోగనిర్ధారణ కేంద్రాలు, కోచింగ్ సంస్థలు, స్థిరాస్తి వ్యాపారులు ఒకరిని చూసి ఒకరు తమ వెబ్‌సైట్లకు దాన్ని తగిలిస్తున్నారు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కీలకమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ లోపు చట్టానికి తలొగ్గినట్టు కనిపించడానికి సంస్థలకు చవకగా దొరికిన ఉపాయం ఈ పెట్టె. దీన్ని మొగ్గలోనే ఆపాలి. విసిగించి రాబట్టిన సమ్మతిని ఈ దేశం ఒకసారి సమ్మతిగా ఒప్పుకుంటే, రేపు ఏ సంస్థనూ ఏ విషయంలోనూ నిలదీయలేం.

నగరంలోని ఒక రోగనిర్ధారణ కేంద్రం వెబ్‌సైటును ఫోనులో తెరిచి చూశాం. తెరలో సగానికి పైగా పెట్టె ఆక్రమించింది. రాత అంతా ఇంగ్లిషులో ఉంది. అడుగున ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నీలం రంగు మీట, దాని మీద అంగీకారం. దాని కింద లేత బూడిదరంగులో, చత్వారం ఉన్నవారికి కనిపించనంత చిన్న అక్షరాల్లో 'ఎంపికలు'. అది నొక్కితే మరో తెర వచ్చింది. నాలుగు స్విచ్చుల్లో మూడు ముందే వేసి ఉన్నాయి. వాటి కింద 'భాగస్వాములు' అంటూ ఎంత జరిపినా తరగని పేర్ల జాబితా. అన్నిటినీ ఒక్కసారిగా కాదనే మీట ఎక్కడా లేదు. ఓపిగ్గా ఒక్కొక్కటీ ఆపి బయటపడితే, మర్నాడు తెరిచేసరికి అదే పెట్టె మళ్లీ వచ్చింది. మొదటిరోజే అంగీకరించిన మరో ఫోనులో మాత్రం మళ్లీ రాలేదు. కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రి వరండాలో నిలబడి, తండ్రి క్రియాటినిన్ ఎంత ఉందో డాక్టరుకు చూపించాలని ఆత్రపడుతున్న కొడుకు ఏది నొక్కుతాడు? నీలం మీటే నొక్కుతాడు. ఆ నొక్కుడును పట్టుకుని, రక్తపరీక్ష కోసం వచ్చిన మనిషి జాడను ప్రకటనల సంస్థలకు చేరవేస్తే దాన్ని సమ్మతి అనాలా?

ఇందులో అసలు మెలిక చాలామందికి తెలియదు. లాగిన్ అయిన మనిషిని గుర్తుంచుకోవడానికి, కొనుగోలు బుట్టలో వేసిన వస్తువు పోకుండా ఉండటానికి కుకీ అవసరం. అలాంటి తప్పనిసరి కుకీలకు అనుమతి అడగనక్కరలేదని ఈ పెట్టెలకు పుట్టినిల్లయిన యూరప్ చట్టమే చెబుతోంది. అనుమతి అడగాల్సింది తప్పనిసరి కాని కుకీల కోసం, ముఖ్యంగా మనిషిని ఒక సైటు నుంచి ఇంకో సైటుకు వెంబడించే వాటి కోసం. అంటే తప్పనిసరి కుకీలతో సరిపెట్టుకునే సైటుకు ఈ పెట్టెతో పనే లేదు. చట్టం వల్ల మాకూ మీకూ ఈ విసుగు అని నిట్టూర్చే సంస్థ, తాను వెంబడిస్తున్నానన్న సంగతిని చట్టం చాటున దాస్తోంది. పూర్ణా మార్కెట్‌లో కిలో పప్పు కొనడానికి వెళ్లినవారిని గుమ్మంలో ఆపి, ఇక మీదట మీరు ఏ దుకాణానికి వెళ్లినా మా మనిషి వెంట వస్తాడు, ఈ కాగితం మీద వేలిముద్ర వేయండి అంటే ఊరుకుంటామా?

యూరప్ అనుభవం కళ్లెదుటే ఉంది. కుకీలకు ముందస్తు అనుమతి ఉండాలని అక్కడి ఎలక్ట్రానిక్ సమాచార గోప్యత ఆదేశాన్ని 2009లో సవరించారు. 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అనే డేటా పరిరక్షణ చట్టం అమలులోకి వచ్చింది. సంస్థలు చట్టం అక్షరాన్ని పట్టుకుని ఆత్మను వదిలేశాయి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కాదని చెప్పడానికి 2019లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. అంగీకరించడం ఒక్క నొక్కుడుతో అయిపోతుంటే కాదనడానికి అనేక నొక్కుళ్లు పెట్టినందుకు ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది. బ్రిటన్‌లో ఎక్కువమంది చూసే వెబ్‌సైట్లలోని సమ్మతి పెట్టెలను 2020లో పరిశోధకులు పరిశీలిస్తే, కనీస చట్ట నియమాలను పాటించినవి 11.8 శాతమే. తిరస్కరించే మీటను మొదటి తెర మీద నుంచి తీసేస్తే చాలు, అంగీకారాలు 22, 23 శాతం పాయింట్లు పెరిగాయని అదే అధ్యయనం తేల్చింది. మనుషుల అభిప్రాయం మారలేదు, మీట చోటు మారింది. సమ్మతి పేరుతో పోగవుతున్న లెక్కలో ఎంత భాగం మనుషుల ఇష్టమో, ఎంత భాగం మీట అమరికో ఇంతకన్నా రుజువు కావాలా?

ఈ దొంగదారినే మన సంస్థలు ఇప్పుడు దిగుమతి చేసుకుంటున్నాయి. మన చట్టం మాత్రం అందుకు చోటివ్వడం లేదు. 2023 నాటి డేటా పరిరక్షణ చట్టంలో కుకీల ప్రస్తావన ప్రత్యేకంగా లేకపోయినా, సమ్మతి అంటే ఏమిటో ఆరో సెక్షన్ స్పష్టంగా చెప్పింది. అది స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందేహానికి తావులేకుండా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. అవసరమైన సమాచారానికే పరిమితం కావాలి. వైద్య సలహా ఇచ్చే ఒక యాప్ రోగి ఫోనులోని నంబర్ల జాబితా కూడా అడిగితే, రోగి సరే అన్నా ఆ జాబితాకు సమ్మతి వర్తించదని చట్టమే ఉదాహరణగా చూపించింది. రక్తపరీక్ష నివేదికకూ ప్రకటనల సంస్థలకూ సంబంధమేమిటో ఈ ఉదాహరణ చదివాక కూడా అర్థం కాలేదనేవారిని నమ్మలేం. నోటీసును ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు కల్పించాలనీ చట్టం చెబుతోంది. మేము చూసిన పెట్టెలో తెలుగు ముక్క లేదు.

కోచింగ్ సంస్థల సంగతి మరీ ఘోరం. ఇంటర్మీడియట్ చదువుతూ ప్రవేశ పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లల్లో ఎక్కువమందికి 18 ఏళ్లు నిండవు. పిల్లల కదలికలను వెంబడించడాన్ని, వారిని లక్ష్యంగా చేసుకుని ప్రకటనలు చూపడాన్ని తొమ్మిదో సెక్షన్ నిషేధించింది. చదువు, భద్రత అవసరాల కోసం విద్యాసంస్థలకు నిబంధనల్లో కొంత వెసులుబాటు ఉంది గానీ ప్రకటనల వేటకు లేదు. ఉల్లంఘనకు 200 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంటుంది. వయసు అడగకుండానే అంగీకారం అడిగే పెట్టె, పదహారేళ్ల విద్యార్థి నొక్కిన మీటను సమ్మతిగా జమకట్టుకుంటోంది.

ప్రకటనల ఆదాయం లేకపోతే ఉచితంగా సమాచారం ఇవ్వలేమన్న వాదనను, ముఖ్యంగా చిన్న సంస్థల నుంచి వచ్చేదాన్ని, పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ ప్రకటన వేయడానికి పాఠకుణ్ని వెంబడించనక్కరలేదు. దశాబ్దాలుగా పత్రికలు ఏ పాఠకుడి ఇంటి వెంటా పడకుండానే ప్రకటనలు వేశాయి.

పత్రికల ప్రస్తావన వచ్చింది కాబట్టి మరో మాట. బ్రౌజర్‌లో ఒకసారి చెప్పిన ఇష్టాన్ని అన్ని వెబ్‌సైట్లూ పాటించాలని, కాదన్నవారిని ఆరు నెలల దాకా మళ్లీ అడగకూడదని యూరోపియన్ కమిషన్ 2025 నవంబరులో ప్రతిపాదించింది. అందులో బ్రౌజర్ సంకేతాన్ని పాటించే బాధ్యత నుంచి వార్తా సంస్థలకు మినహాయింపు ఇవ్వజూపింది. మన దేశంలో అలాంటి నియమం వచ్చిన రోజున ఆ మినహాయింపు మాకు అక్కరలేదు. ఆసుపత్రికి తప్పయినది పత్రికకు ఒప్పు కాదు.

ఇప్పటికిప్పుడు పాఠకులు చేయగలిగింది కొంత ఉంది. సఫారి బ్రౌజర్ 2020 నుంచే ఇతర సంస్థల కుకీలను అడ్డుకుంటోంది. క్రోమ్‌లో సెట్టింగులలోకి వెళ్లి, గోప్యత విభాగంలో థర్డ్ పార్టీ కుకీలను ఆపుకోవచ్చు. పెట్టెలనే కనబడనివ్వని బ్రేవ్ లాంటి బ్రౌజర్లు, బ్రౌజరుకు తగిలించుకునే యూబ్లాక్ ఆరిజిన్ లాంటి పొడిగింపులు (ఎక్స్‌టెన్షన్లు) ఉన్నాయి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పెట్టె కనబడకపోవడం వేరు, కాదనడం వేరు. కొన్ని పొడిగింపులు పెట్టెను తొలగించే తొందరలో మీ తరఫున అంగీకారం నొక్కేస్తాయి. డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన కన్సెంట్‌ఓమ్యాటిక్ అలా కాకుండా మీరు ముందే చెప్పిన ఎంపికల ప్రకారం పెట్టెలో జవాబిస్తుంది. ఇవన్నీ తెలిసినవారికి సరే. గాజువాకలో కూలి పని చేసుకుంటూ పిల్లవాడి ఫీజు ఫోనులో కట్టే తల్లికి పొడిగింపుల పాఠం చెప్పి చేతులు దులుపుకోవడం పాలకుల పని కాదు. కాలిఫోర్నియాలో బ్రౌజర్ పంపే 'నా సమాచారం అమ్మవద్దు' అన్న సంకేతాన్ని వెబ్‌సైట్లు మన్నించి తీరాలి. అలాంటి నియమాన్ని ఇక్కడ పెట్టడానికి అడ్డేమిటి?

విశాఖ ఈ ప్రశ్న గట్టిగా అడగాలి. వచ్చే అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఇక్కడ కృత్రిమ మేధ కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. పెట్టుబడిని స్వాగతిస్తున్నాం. వెంబడించే కుకీలకు క్రోమ్‌లో రెండేళ్లలో స్వస్తి చెబుతామని 2020లో ప్రకటించి, 2024 జులైలో ఆ మాట వెనక్కి తీసుకున్నదీ ఇదే సంస్థ. దేశ సమాచారమంతా వచ్చి చేరే నగరం కావాలని ఆశపడుతున్న మనం, ఆ సమాచారం ఎవరి అనుమతితో, ఎలా రాబట్టినదో అడగకుండా భూమి, నీరు, కరెంటు గురించి మాత్రమే మాట్లాడితే ఎలా?

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పింది. వినియోగదారులను పదేపదే వేధించి ఒప్పించడాన్ని, కళ్లకు గంతలు కట్టేలా తెరను అమర్చడాన్ని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 13 మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చింది. తీర్పు ఉంది, చట్టం ఉంది, మార్గదర్శకాలు ఉన్నాయి. లేనిది పెట్టెలో 'కాదు' అనే మీట ఒక్కటే. చట్టం అమలును చూసే డేటా పరిరక్షణ బోర్డు తన మొదటి ఆదేశాల్లోనే దాని సంగతి తేల్చాలి. అంగీకారం ఎంత పరిమాణంలో, ఏ రంగులో, ఏ తెర మీద ఉందో తిరస్కారమూ అంతే పరిమాణంలో, అదే తెర మీద ఉండాలి. అలా లేని పెట్టె ద్వారా వచ్చిన ఏ అంగీకారమూ చెల్లదని ప్రకటించాలి. సమ్మతి తీసుకున్నామని రుజువు చేయాల్సిన బాధ్యత సంస్థదేనని చట్టంలో ఉంది కదా, గడువు తీరిన మర్నాటి నుంచి రుజువు అడగాలి. నగరంలోని సంస్థల యజమానులు అప్పటిదాకా ఆగనక్కరలేదు. మీ వెబ్‌సైటు చేసినవారికి ఈరోజే ఫోను చేయండి. రోగుల మీద, విద్యార్థుల మీద నిఘా పెట్టే ఆ కుకీలు ఎవరు పెట్టమంటే పెట్టారో అడగండి. జవాబు రాకపోతే తీసేయించండి.