న్గోంగ్ కొండల కింది కాఫీ తోట

ఆఫ్రికా పొలాల నేపథ్యంలో సాగే ప్రేమ, సాహస నవలలకు అక్కడి ప్రకృతి వర్ణనే ప్రాణమని ఓ వ్యాసంలో చదివాను; ఆ మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. ఈ తరహా కథలు చదివినప్పుడల్లా నాకు గుర్తుకొచ్చేది కెన్యాలో న్గోంగ్ కొండల పాదాన డేనిష్ రచయిత్రి కారెన్ బ్లిక్సెన్ నడిపిన కాఫీ తోట. 1914లో ఎన్నో ఆశలతో కెన్యా చేరిన ఆమె, ఆరు వేల అడుగుల ఎత్తున్న ఆ నేల కాఫీకి అంతగా అనుకూలించక, అప్పులు పెరిగి, చివరికి 1931లో తోటను వదులుకోవలసి వచ్చింది. ఆమె ప్రేమించిన ఆంగ్లేయ వేటగాడు డెనిస్ ఫించ్ హాటన్ అదే ఏడాది విమాన ప్రమాదంలో మరణించగా, ఆయనను ఆ కొండల మీదే సమాధి చేశారు. ఇంతటి విషాదాన్ని ఏ నవలైనా కల్పించగలదా అనిపిస్తుంది.

అయితే ఆ నేల కథ వీరిద్దరిది మాత్రమే కాదు. 1918 నాటి బ్రిటిష్ వలస ప్రభుత్వ చట్టం ప్రకారం, తెల్లవారి పొలాల్లో నివసించే కికుయు తెగ వంటి స్థానికులు ఏడాదికి కనీసం 180 రోజులు ఆ యజమానికే పనిచేయాలి. తరతరాలుగా తమ వారు తిరిగిన నేల మీద గుడిసె వేసుకోవడానికి వారు చెల్లించిన వెల అది. నాయికా నాయకులు గుర్రాలెక్కి సూర్యాస్తమయాన్ని చూసే దృశ్యంలో, వెనక కాఫీ పండ్లు కోస్తున్న స్థానిక స్త్రీలకు కూడా పేర్లు, మాటలు, ప్రేమలు ఇచ్చిన నవలలనే నేను మనసారా ఇష్టపడతాను.